నింగక్క పిండినీళ్ళు

పొద్దున్నే గవళి దుర్గప్ప పాలు పోసి క్యాను ఎత్తుకోబోతుంటే నింగక్క ఆగమంటుంది. చెంచాడు పాలు విడిగా తీసి, గూట్లోంచి చిన్న సీసా అందుకుని, అందులోని అయోడిన్ ఒక్క చుక్క వేసి చూస్తుంది. పాలు లేత పసుపు తిరిగితే దుర్గప్ప వెళ్ళవచ్చు. నీలం తిరిగితే చిక్కదనం కోసం పిండి కలిపాడన్నమాట. పదేళ్ళలో ఒక్కసారి కూడా నీలం తిరగలేదు.

“పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు నింగక్కా,” అని దుర్గప్ప రోజూ అంటాడు.

“నీళ్ళు కలిపితే ఈ చుక్కకి తెలీదుగా, బతికిపోయావు పో,” అని ఆమె రోజూ అంటుంది.

ధారవాడ మాళమడ్డిలో ఆమె ఉండే ఇంటి మేడమీది గదిలో ఆరేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఈ రెండు మాటలతోనే నాకు తెల్లవారుతుంది. మా ఇద్దరిదీ ఒకే ఆడపిల్లల కాలేజీ. ఆమె జీవరసాయన శాస్త్రం ల్యాబులో అటెండరు. నేను లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అతికిస్తాను. సాహిత్యంలో ఎమ్మే చేశాను. ఆ చదువువల్ల కాలేజీకి కలిగిన లాభం ఒక్కటే, నోటీసు బోర్డు అందంగా ఉంటుంది. ఎక్కడ ఏ చీటీ రాయాలన్నా నన్నే పిలుస్తారు.

నింగక్కది నవలగుంద దగ్గర పల్లె. ఏడో తరగతితో చదువు ఆగింది. హుబ్బళ్ళి మిల్లులో భర్త పని పోయాక ధారవాడ వచ్చి, ల్యాబు ఊడ్చే పనిలో చేరింది. అప్పటి అటెండరు కల్లప్ప ఊడుస్తున్న మనిషిని పిలిచి గాజు గొట్టాలు కడగడం నేర్పాడు. తర్వాత తూకాలు, ద్రావకాలు, చివరికి పిపెట్టును నోట్లో పెట్టుకుని గీత దాకా పీల్చి వేలితో మూయడం కూడా నేర్పాడు. ఆయన రిటైరయ్యాక ఆయన స్టూలు, ఆయన నీలం కోటు ఆమెకు వచ్చాయి. ఉద్యోగం మాత్రం రాలేదు. ప్రతి జూన్‌లోనూ పదకొండు నెలల పనికి ఒక నియామక ఉత్తరం ఇస్తారు. “ఏడాదిలో పదకొండు నెలలు మనిషిని, మిగిలిన నెల ఎండాకాలాన్ని,” అని తనే చెప్పి నవ్వుతుంది. పర్మనెంట్ చేయమని రెండుసార్లు ఫైలు కదిలింది. మొదటిసారి ఫైలే పోయింది. రెండోసారి ఫైలు దొరికింది గాని, అందులో ఉన్న కాగితాలు తోటమాలివి.

చదువుకున్నవాళ్ళు జీవకణం అంటూ బోర్డుమీద పెద్ద బొమ్మ వేస్తారు. నింగక్కకు ఆ బొమ్మతో పని లేదు. ఆమె లెక్కలో ప్రాణమున్నదంతా నాలుగు సీసాలు. చక్కెర సీసా: నీలం ద్రావకం పోసి కాస్తే ఇటుక రంగు. పిండి సీసా: అయోడిన్ చుక్కకు నల్లటి నీలం. గుడ్డు తెల్లసొన, అంటే ప్రోటీన్ సీసా: వంకాయ రంగు. నూనె సీసాకు రంగు కూడా అక్కర్లేదు, కాగితంమీద రుద్ది వెలుగుకు పట్టుకుంటే మరక చెబుతుంది. తనను తాను కూడా అలాగే విడగొట్టి చూపిస్తుంది. ఒంట్లో ముప్పావు వంతు జొన్నరొట్టె పిండి, పావు వంతు శేంగానూనె, అంటే వేరుశనగ నూనె. తలలో మాత్రం ఏ ద్రావకం పోసినా రంగు రాదట.

నాలుగింటిలో చేరనిది ఒకటుంది. ఏడాదికొకసారి పిల్లలు ఉల్లిపాయ ముక్కల్ని ఉప్పు, సబ్బునీళ్ళలో నలిపి వడకట్టి, మీద చల్లటి స్పిరిట్ పోస్తారు. తెల్లటి పోగులు తేలతాయి. తల్లిదండ్రుల పోలికలన్నీ పిల్లలకు మోసుకొచ్చేది ఆ పోగేనని పాఠం చెప్పే మేడమ్ అంటుంది. నింగక్క మొదటిసారి దాన్ని గాజుకడ్డీకి చుట్టి చాలాసేపు చూసిందట. “మా అమ్మ ముక్కు నాకు తెచ్చిపెట్టింది ఇదేనా? చూస్తే జలుబు చేసినట్టుంది,” అని తీర్పు చెప్పింది. పిల్లలు ఇప్పటికీ ఆ ప్రయోగాన్ని జలుబు ప్రయోగం అంటారు.

మూడేళ్ళ కిందట మార్చిలో ఆమె ఫైలు మూడోసారి కదిలింది. ఈసారి డిపార్ట్‌మెంటు హెడ్ హిరేమఠ్ మేడమ్ స్వయంగా రాసింది, కాగితాలు తోటమాలివి కావని ప్రిన్సిపాల్ స్వయంగా చూశారు. ఒక్క ముక్క తక్కువ. ప్రాక్టికల్ పరీక్షలకు బయటి నుంచి వచ్చే పరీక్షకుడు, ల్యాబు పనిలో లోపం లేదని రాసి సంతకం చేయాలి. అది వస్తే జూన్ నుంచి నింగక్క పన్నెండు నెలల మనిషి. ఈ సంగతి క్యాంటీన్‌లో మరమరాల గిర్మిట్ కలిపే ఆయనకు కూడా తెలుసు.

పరీక్షలో ఒక్కో అమ్మాయికి ఒక నంబరున్న టెస్ట్‌ట్యూబు ఇస్తారు. అందులో ఉన్నది చక్కెరా, పిండా, ప్రోటీనా అన్నది పరీక్షలు చేసి కనిపెట్టాలి. జవాబుల జాబితా పరీక్షకుడి దగ్గర ఉంటుంది. ట్యూబులు నింపేది నింగక్క. నంబర్ల చీటీలు రాసేది నేను.

ముందురోజు మధ్యాహ్నం ఇద్దరమే ల్యాబులో కూర్చున్నాం. ఆమె పిండిని నీళ్ళలో కాచి చల్లార్చి పెద్ద ఫ్లాస్కులో పోసింది. డబ్బాలో ఉన్న పిండి దాంతో అయిపోయింది. పిపెట్టుకు తగిలించి పీల్చే రబ్బరు బుడగ పగిలిపోయి ఉంది. కొత్తవి బీరువాలో, తాళంచెవి మేడమ్ చేతిసంచిలో, మేడమ్ ఇంట్లో. “నోటితో పీల్చరాదు” అని గోడమీద బోర్డు ఉంది. చాలా ముచ్చటైన అక్షరాలు. నావే. నింగక్క దానివైపు వీపు పెట్టి కూర్చుని, కల్లప్ప నేర్పిన పద్ధతిలో పిపెట్టు నోట్లో పెట్టుకుంది.

నేను ఏడాదికి ఒక హాస్యం ఆడతాను. అదీ ముందు మనసులో రెండుసార్లు చెప్పుకుని, ఎవరూ నొచ్చుకోరని తేల్చుకున్నాక. ఆ ఏటి వంతు ఆ క్షణంలో వచ్చింది. మా ప్రిన్సిపాల్ దేసాయి సార్ తెల్లబట్టలకు పెట్టించే గంజి ఎంతంటే, ఆయన కూర్చుంటే అప్పడం విరిగిన చప్పుడు వస్తుంది.

“రేపు దేసాయి సార్ ఇటొస్తే అయోడిన్ సీసా దాచక్కా,” అన్నాను. “ఒక్క చుక్క మీద పడిందంటే మనిషి మనిషంతా నీలమేఘశ్యాముడే.”

నింగక్క నవ్వింది. పిపెట్టులోకి పీల్చిన పిండినీళ్ళు నోట్లోకి పోయి, నోట్లోంచి ఒక గుక్కెడు మళ్ళీ ఫ్లాస్కులోకే వచ్చి పడ్డాయి.

ఇద్దరం ఫ్లాస్కును చూశాం. మళ్ళీ కాయడానికి పిండి లేదు. ఆదివారం, ఆ సరుకు అమ్మే కొట్టు మూసి ఉంటుంది. ఇంత నీళ్ళలో ఆ కాస్త ఉమ్మి ఏం చేస్తుందని ఆమె నన్ను అడిగింది. ఏమీ కాదులే అక్కా అన్నాను. పిండి పదార్థం గురించి నాకున్న పరిజ్ఞానం ఇడ్లీతో మొదలై ఇడ్లీతో పూర్తవుతుంది. అయినా చాలా ధైర్యంగా అన్నాను. ఆమె పన్నెండు ట్యూబులు నింపింది. వాటన్నిటికీ మూడు అని రాసి అతికించాను, గుండ్రంగా, ఒక్కటి కూడా వంకర పోకుండా.

మర్నాడు పరీక్షకు బాగలకోట నుంచి బెళగలి సార్ వచ్చారు. ఊడిన చీటీలు అతికించడానికి నేనూ ల్యాబులోనే వెనక బెంచీమీద కూర్చున్నాను. పదకొండున్నరకు ఆయన కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీశారు. మూడో నంబరు వచ్చిన పన్నెండు మందిలో పదిమంది చక్కెర అని రాశారు. జాబితాలో ఉన్నది పిండి. పదిమందీ ఒకే తప్పు రాశారంటే ఒకరిది చూసి ఒకరు రాశారన్నమాటేనని, అందరికీ సున్నా వేస్తున్నానని ఆయన చెప్పారు. ఆ సున్నాతో వాళ్ళు వచ్చే ఏడు మళ్ళీ రావాలి. అణ్ణిగేరి నుంచి రోజూ బస్సులో వచ్చే భాగీరథి అనే అమ్మాయి లేచి నిలబడింది. కాస్తే ఎర్రగా వచ్చింది, అయోడిన్‌కు నీలం రాలేదు, చూసిందే రాశాను సార్ అంది.

మూలనున్న నింగక్క ఫ్లాస్కులో మిగిలిన నీళ్ళు కొంచెం గుంటల పింగాణీ పలకమీద పోసి అయోడిన్ చుక్క వేయడం నేను చూశాను. నీలం రాలేదు. పలచటి టీ రంగులో ఉండిపోయింది. మొదటి టర్మ్‌లో పిల్లలు పిండినీళ్ళలో ఉమ్మి, అది చక్కెరగా మారడం చూస్తారు. ఏటా ఆ గొట్టాలన్నీ కడిగేది ఆమే. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రాత్రంతా ఆమె ఉమ్మి ఫ్లాస్కులో కూర్చుని పిండినంతా చక్కెర చేసిపెట్టింది.

బెళగలి సార్ సంతకం చేయవలసిన కాగితం ఆయన మోచేతి కిందే ఉంది. ఊరుకుంటే సరిపోతుంది. నింగక్క నావైపు చూసింది. నేను కిటికీ బయటకు చూశాను. అక్కడ చూడ్డానికి ఒక నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేదు. దాన్నే శ్రద్ధగా చూశాను.

“సార్,” అంది నింగక్క. “ఆ మూడో నంబర్లో నా ఉమ్మి ఉంది.”

పరీక్షకుడి జీవితంలో ఈ వాక్యం ఎదురైనట్టు లేదు. ఆయన మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. బుడగ లేకపోవడం, నోటితో పీల్చడం, నవ్వు రావడం, గుక్కెడు వెనక్కి రావడం అన్నీ వరసగా చెప్పింది. అప్పుడే సందడి విని దేసాయి సార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, నిలువునా గంజితో.

“అంత నవ్వు ఎందుకొచ్చింది?” అని బెళగలి సార్ అడిగారు.

నింగక్క గుమ్మంవైపు ఒకసారి చూసింది. “గుర్తులేదు సార్,” అంది.

నేను లేచి, నవ్వించింది నేనే సార్ అన్నాను. లైబ్రరీలో ఏళ్ళ తరబడి పనిచేసిన గొంతు నాది. మూడో వరస దాటి వెళ్ళదు. పరీక్ష అయిపోతే బయటకు వెళ్ళమ్మా అని బెళగలి సార్ అన్నారు.

ఆయన ఊరికే నమ్మే మనిషి కాదు. ఎదురుగా చేసి చూపించమన్నారు. నింగక్క క్యాంటీన్ నుంచి అన్నం వార్చిన గంజి తెచ్చి, పలచన చేసి రెండు గ్లాసుల్లో పోసి, ప్రిన్సిపాల్, హెడ్, ఇరవైనాలుగు మంది పిల్లలు చూస్తుండగా ఒక గ్లాసులోకి ఉమ్మింది. జీవితంలో ఇంత మర్యాదగా ఎప్పుడూ ఉమ్మలేదని తర్వాత నాకు చెప్పింది. అరగంట ఆగి రెండింట్లోనూ అయోడిన్ వేశారు. ఒకటి నల్లటి నీలం. రెండోది టీ రంగు. అందులోంచి ముందే విడిగా తీసినదాన్ని నీలం ద్రావకం పోసి కాస్తే ఎర్రబడింది.

పదిమందికీ మార్కులు వచ్చాయి. చూడకుండా పిండి అని రాసిన మిగతా ఇద్దరూ ఏడిస్తే వాళ్ళకూ వేశారు. బెళగలి సార్ నిజాయితీపరుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. జరిగింది జరిగినట్టు, నోటితో పీల్చడంతో సహా, ఆ కాగితంమీద రాసి సంతకం చేశారు.

సాయంత్రం ఇద్దరం ఇంటికి నడిచి వస్తున్నాం. ఊరుకుని ఉంటే సరిపోయేది కదా అక్కా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“ఎర్రగా ఉన్నదాన్ని ఎర్రగా ఉందని రాశారు తంగీ, దానికి సున్నా ఏమిటి?” అంది, చెల్లెలికి చెప్పినట్టు. కాసేపటికి తనే నవ్వింది. “ఇన్నేళ్ళూ పనిమంతురాలినని నాకు నేనే అనుకునేదాన్ని. నాకంటే నా ఉమ్మి నయం. ఒక్క రాత్రిలో ఫ్లాస్కు మొత్తం పని చేసేసింది, పర్మనెంట్ అడగలేదు.”

నన్ను ఒక్క మాట అనలేదు. ల్యాబులో ఉండగా నోరు తెరవొద్దని మాత్రం చెప్పింది. అది నాకు కష్టమైన పని కాదు.

మే నెలలో ఫైలు తిరిగి వచ్చింది. హిరేమఠ్ మేడమ్ రెండు వారాలు తిరిగింది గాని ఆ కాగితాన్ని ఎవరూ దాటలేకపోయారు. రబ్బరు బుడగలున్న బీరువాకు రెండో తాళంచెవి చేయించి నింగక్కకు ఇచ్చారు.

ఇప్పుడామెకు యాభై రెండు నిండాయి. పోయిన జూన్‌లో పదిహేడో ఉత్తరం అందుకుంది, పదకొండు నెలలకు.