కొచ్చుత్రేస్య జాడీకి ఇనాసు వేసిన తాళం

ఇనాసు తండ్రి చర్చి ఉత్సవాల్లో పెట్రోమాక్స్ దీపాలు నెత్తిన మోసినవాడు. ఇనాసు సీరియల్ బల్బుల దండలు కడుతూ పెరిగాడు. యాభై దాటాక ఇప్పుడు పిలిస్తే వెలిగే దీపాలూ, వేలు ఆనిస్తే తెరుచుకునే తలుపులూ ఇళ్ళకు బిగిస్తున్నాడు. ఎవరైనా గొప్ప మార్పే అంటే ఒప్పుకోడు. "మార్పేముంది? జనం వెలుగులో తిరుగుతారు, మనం నిచ్చెన మీద ఉంటాం" అంటాడు.

త్రిశూర్ శివారులో ఆ పని చేసేవాళ్ళందరికీ ఫోన్లో ఒక గుంపు ఉంది. డిసెంబరు వచ్చిందంటే కుర్రవాళ్ళు అందులో సందేహాల మీద సందేహాలు కురిపిస్తారు. ఇనాసు రాత్రి గంజి తాగి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కరికీ ఓపికగా జవాబులు కొడతాడు. పండగ వారంలో ఏ ఇంట్లోనూ కొత్త వెర్షన్ ఎక్కించకండి, నడిచే బండికి చక్రం మార్చినట్టవుతుంది. చౌక నక్షత్రదీపాల అడాప్టర్లు సిగ్నల్‌లో గోల పెడతాయి, గేటు గంట పక్కన కట్టనివ్వకండి. చుట్టాలకు వేరే వైఫై ఇవ్వండి, లేకపోతే మేనత్త పిల్లలు సినిమాలు చూస్తున్నంతసేపూ హాల్లో దీపాలు మన మాట వినవు. ముసలివాళ్ళ బొటనవేలు అరిగిపోయి ఉంటుంది, తాళంలో చిటికెనవేలి ముద్ర ఎక్కించండి. తెలివైన స్విచ్ ఎన్ని పెట్టినా పక్కన ఒక తెలివితక్కువ స్విచ్ ఉంచండి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఇల్లు నిలబడేది దానితోనే.

గుంపులో రాయని సూత్రం ఒకటి ఉంది. ఇంట్లో చూసింది గేటు దాటకూడదు. ఈ పని చేసేవాడికి ఏ ఇంట్లో దీపం ఎప్పుడు ఆరుతుందో, ఏ గది తలుపు ఎవరికి మూసి ఉంటుందో తెలిసిపోతుంది. పైగా పండగ అయ్యేదాకా ఏ తాళం ఎప్పుడు మొరాయిస్తుందో అని ఇనాసు ప్రతి తాళంలోనూ తన వేలు కూడా ఉంచుతాడు. అంటే చర్చి చుట్టుపక్కల సగం ఇళ్ళు అతని కుడిచేతి చూపుడువేలికి తెరుచుకుంటాయి. అతనికున్న ఆస్తి అంతా ఆ వేలి మీద జనానికి ఉన్న నమ్మకమే.

నోంబు, అంటే పండగ ముందు ఉపవాసం, మొదలైన వారంలో కొచ్చుత్రేస్య అతన్ని పిలిపించింది. క్రిస్మస్‌కు ముందు ఇరవై అయిదు రోజులు ఆ ఇంట్లో మాంసం లేదు, చేప లేదు, చుక్క మందు లేదు. మందు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆవిడ భర్త పొరింజు, కూడలిలో ఇనుప సామాన్ల కొట్టు యజమాని, చర్చి మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. ఆ ఇంటి సామాన్ల గదిలోనే కొచ్చుత్రేస్య ద్రాక్ష వైన్ పెద్ద జాడీలో ఊరుతూ ఉంటుంది. మూతికి గుడ్డ కట్టి, పండగ ముందురోజుల్లో వడకట్టేదాకా విప్పదు. పండగనాడు ఫాదర్ నుంచి పాలవాడి దాకా అందరికీ తలా ఒక గ్లాసు అందాలి.

"పోయినేడు జాడీలో జానెడు తగ్గింది ఇనాసే," అంది ఆవిడ. "ఎలకలు తాగాయన్నారు. గుడ్డ విప్పి, తాగి, మళ్ళీ ముడేసే ఎలకలు. ఈసారి ఆ గదికి నోరున్న తాళం పెట్టు."

అతను పెట్టాడు. వేలు ఆనిస్తే తెరుచుకునే తాళం. ఎవరు తెరిచినా కొచ్చుత్రేస్య ఫోన్ కూస్తుంది. చౌక రకం కాబట్టి దానికి చాడీ చెప్పడం వచ్చు గానీ గుర్తుపెట్టుకోవడం రాదు. లోపల రెండే వేళ్ళు, ఆవిడది, ఇనాసుది.

మూడోనాడు క్రిస్మస్ పశువులపాకకు దీపాలు కట్టడానికి వెళ్తే పొరింజు వసారాలో భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ తాళంలో నా వేలు కూడా పడెయ్."

"కొచ్చుత్రేస్య చేచ్చి ఫోన్ కూస్తుంది చేట్టా."

"కూయకుండా."

"ఎందుకో?"

"జాడీ బీటలిచ్చిందేమో చూసుకోవద్దూ? ఇంటి యజమానిని."

"మద్యనిషేధ సంఘం అధ్యక్షులు కూడా."

"అందుకేగా కూయకుండా అంటున్నాను."

ఇనాసు నవ్వాపుకుని వేలు ఎక్కించాడు. మగాడు ముచ్చటపడ్డాడు, ఒక గుక్క పోతే జాడీకేం లోటు అనుకున్నాడు. ఆ మరుసటి రోజు పొరింజు తల్లి మరియమ్మామ్మ వంటింటి వెనక్కి సైగ చేసి పిలిచింది.

"నాకు దగ్గురా అబ్బీ."

"మిరియాల కషాయం ఉంది కదా అమ్మామ్మా."

"అది పగటి దగ్గుకి." అంటూ చిటికెనవేలు చాపింది. ఏ వేలు చాపాలో ఎవరి దగ్గర తెలుసుకుందో మరి.

ఇక మిగిలింది కొచ్చుత్రేస్య తమ్ముడు లోనప్పన్. చర్చిలో గంట కొట్టేదీ, కొవ్వొత్తులు వెలిగించేదీ అతనే. మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లో. అతను ఇనాసును గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఫాదర్‌కి పోసే వైన్ అది. రుచి చూడకుండా పోస్తే పాపం నాది."

"నోంబులో రుచి చూస్తే?"

"ఉమ్మేస్తాను."

"మింగకుండానా?"

"ముందు మింగి, తర్వాత ఉమ్మేస్తాను."

ముగ్గురి వేళ్ళూ కూత లేకుండా ఎక్కాయి. ముగ్గురూ చివర్లో ఒకే మాట అన్నారు, రెండోవాళ్ళకు చెప్పకని. ఇనాసు చెప్పలేదు. గేటు దాటనివ్వకూడదన్న సూత్రం గది గడప కూడా దాటనివ్వకూడదన్నంత నిష్ఠగా పాటించాడు. తప్పు అక్కడే జరిగింది. ముగ్గురిలో ఒక్కొక్కరూ తాగేది తామొక్కరే అనుకుని ధైర్యంగా తాగారు.

పండగకు ముందురోజుకు ముందురోజు పొద్దున కొచ్చుత్రేస్య వడకట్టడానికి జాడీ విప్పింది. ఇనాసుకు ఫోన్ చేసినప్పుడు కేకలు వెయ్యలేదు. ఆవిడ కేకలు వెయ్యలేదంటే భయపడాలని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

అతను వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ సామాన్ల గది ముందు నిలబడి ఉన్నారు. జాడీ సగానికి దిగింది.

"నా ఫోన్ ఒక్కసారి కూడా కూయలేదు," అంది ఆవిడ. "కూయించడం తెలిసినవాడికే కూయకుండా చెయ్యడం తెలుస్తుంది. లోపల నా వేలు ఉంది, నీ వేలు ఉంది. నేను తాగలేదు."

పొరింజు దూలాలు లెక్కపెడుతున్నాడు. మరియమ్మామ్మకు దగ్గు వచ్చింది, పగలే. లోనప్పన్ జపమాల తీశాడు.

ఇనాసు ముగ్గురి వైపూ వరసగా చూశాడు. ఒక్కరు నోరు విప్పితే చాలు. ఎవరూ విప్పలేదు. తను చెబితే తప్పించుకోవచ్చు, కానీ ఆ తర్వాత ఏ ఇల్లు అతన్ని లోపలికి రానిస్తుంది? చెప్పకపోతే దొంగ. దొంగనూ రానివ్వరు.

"సాయంత్రం మా యూనిట్ ప్రార్థన ఉంది," అంది కొచ్చుత్రేస్య. యూనిట్ అంటే ఆ వీధి ఆడవాళ్ళంతా.

"ఒక్కరోజు ఆగండి చేచ్చీ. రేపు సాయంత్రం వస్తాను. అందరి ఎదటా తాళాన్నే అడుగుదాం, ఎవరెవరు తెరిచారో."

"చెప్తుందా?"

"అడిగి చూద్దాం."

ఈ మాట అంటున్నప్పుడు అతను ఆవిడ వైపు చూడలేదు. దూలాల వైపూ, దగ్గు వైపూ, జపమాల వైపూ చూశాడు.

"నోరాపుకోవడానికి చూస్తాను," అంది ఆవిడ.

చూసింది గానీ ఆగలేదు. మరునాడు పొద్దున్నే ఇనాసు ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఒకావిడ, "తప్పుగా అనుకోకు ఇనాసే, మా తాళంలో నీ వేలు తీసెయ్" అంది. ఇంకొకావిడ తప్పుగా అనుకోవద్దని కూడా అనలేదు. అతను మారుమాట్లాడకుండా తీసేస్తానన్నాడు. ఆ రోజంతా చర్చి గంటగోపురం మీద పెద్ద నక్షత్రం కడుతూ గడిపాడు. ఊరంతటికీ కనిపించే చోటు అది. కింద పోయేవాళ్ళు తలెత్తి చూసి, పక్కవాళ్ళతో ఏదో అనుకుని పోతున్నారు. నాన్న దీపం మోస్తున్నప్పుడు జనం దీపాన్నే చూసేవారు, మోసేవాణ్ణి కాదు. మోసేవాడి వైపు చూపులు తిరగడం ఎంత బరువో అతనికి ఆ రోజు తెలిసింది.

అయితే గోపురం మీదికి ఊరు కూడా బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం పొరింజు కొట్టు మూసి, చంకలో వార్తాపత్రిక చుట్టిన సీసాతో పక్కవీధి ఫిలోమిన ఇంట్లోంచి బయటికొచ్చాడు. ఆవిడ వైన్ చెయ్యడంలో కొచ్చుత్రేస్యకు పోటీ. కాసేపటికి లోనప్పన్ కల్లుగీసేవాడి ఇంటి వైపు నుంచి సైకిల్ మీద వచ్చాడు, హ్యాండిల్‌కు పాలక్యాన్. పాలవాడు పొద్దున్నే వచ్చిపోయాడు. ఇనాసు వైరు బిగించుకున్నాడు.

సాయంత్రం అందరూ మళ్ళీ సామాన్ల గది ముందు చేరారు. కొచ్చుత్రేస్య వేలు పెట్టింది, తలుపు తెరుచుకుంది, చేతిలో ఫోన్ కూసింది. జాడీ మూతికి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. గుడ్డ విప్పగానే వైన్ అంచు దాటి పొర్లి, నున్నని నేల మీద పాయగా పారి పొరింజు చెప్పుల దాకా వచ్చింది.

నోంబు ఇంకా ముగియలేదు కాబట్టి కొచ్చుత్రేస్య నాలుక మీద వేసుకోలేదు. వంగి వాసన చూసింది.

"కల్లు," అంది.

లోనప్పన్ జపమాల వేగం పెరిగింది.

"లవంగం. ఈ ఊళ్ళో వైన్‌లో ఇంత లవంగం వేసేది ఫిలోమిన ఒక్కతే."

పొరింజు చెప్పులు వెనక్కి జరిగాయి.

"దశమూలారిష్టం." ఈసారి ఆవిడ వెనక్కి తిరిగి అత్తగారి వైపే చూసింది. "అమ్మచ్చీ, మీ మోకాళ్ళ మందు సీసా ఖాళీ అయిందా?"

"మోకాళ్ళ నొప్పులు తగ్గాయే," అంది మరియమ్మామ్మ.

ఇనాసు తాళం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "అడగమంటారా చేచ్చీ?"

"అక్కర్లేదు. జాడీయే చెప్పేసింది." ఆవిడ నేల మీది పాయను గుడ్డతో తుడిచింది. "నిన్న యూనిట్‌లో నీ పేరు చెప్పాను ఇనాసే."

"తెలుసు. పొద్దుట్నించీ ఫోన్లు వస్తున్నాయి."

"ఎందుకు చెప్పలేదు నాకు, వీళ్ళని?"

"నా పని తలుపులకి చేచ్చీ. మనుషులకి కాదు."

ఆవిడ అది మనసులో తిప్పుకుంది. పరువు పోయేది తన మొగుడిది, తన అత్తది, తన తమ్ముడిది. వెనక్కి తీసుకోవాల్సిన మాట మాత్రం తనది. రెంటికీ సరిపడే అబద్ధం ఒకటి కావాలి.

క్రిస్మస్ పొద్దున చర్చి ఆవరణలో యూనిట్ ఆడవాళ్ళందరినీ పిలిచి, గొంతు పెంచి చెప్పింది. "నేను చూసుకున్నది పాత జాడీ. ఇనాసు తాళం వేసిన జాడీలో చుక్క తగ్గకపోగా నిండి పొర్లింది. అతన్ని అన్నందుకు నా నోరు నేనే కడుక్కుంటున్నాను." మధ్యాహ్నం వైన్ పంచితే ఫాదర్ రెండో గ్లాసు అడిగి పుచ్చుకుని, ఎలా చేశారని అడిగారు. "మా ఇంట్లో తలా ఒక చెయ్యి వేశాం ఫాదర్," అంది ఆవిడ. మద్యనిషేధ సంఘం అధ్యక్షుడు పొలమారి కాసేపు దగ్గాడు.

వేలు తీసెయ్యమన్నవాళ్ళంతా మళ్ళీ పెట్టమన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఆ వీధిలో ప్రతి సామాన్ల గదికీ "నింపే తాళం" కావాలట. ఇనాసు మొదట్లో అది తాళం గొప్ప కాదని చెప్పబోయాడు. చెబితే కథంతా చెప్పాలి కాబట్టి ఊరుకున్నాడు. గుంపులో కుర్రవాళ్ళకు మాత్రం ఒక కొత్త సలహా రాశాడు. ఒక తలుపుకి రహస్యం వేలు ఒకటి మించి ఎక్కించకండి, అసలు ఎక్కించకపోవడం ఇంకా మంచిది.

ఎందుకని ఎవరో అడిగితే ఫోన్ కట్టేసి పడుకున్నాడు.

జనవరి రెండో వారంలో ఫాదర్ కబురు పెట్టారు. పూజ వైన్ ఉంచే బీరువాకు కూడా ఒకటి బిగించమని. ఇనాసు సంచీ దించి స్క్రూడ్రైవర్ తీస్తుండగానే లోనప్పన్ పక్కన వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, గట్టిగా రుద్ది తుడుచుకున్న బొటనవేలు చాపాడు.

"దీనికి ఫాదర్ వేలు ఒక్కటే," అన్నాడు ఇనాసు.

లోనప్పన్ వేలు వెనక్కి తీసుకోలేదు. "పెద్దాయన కదా ఇనాసేట్టా. ఆ వేలు అరిగిపోతే?"