మనవరాలిని వేలం వేసిన వేసవి

మే నెల రెండో ఆదివారం, ఉదయం పదిన్నర గంటలకు, గిలకలదిండిలో మా ఇంటి అరుగు మీద నేను నా సొంత మనవరాలిని వేలం వేశాను. తిట్టేవాళ్లు అంతా విన్నాక తిట్టండి.

నేను రేవులో చేపల వేలంపాట పాడే మనిషిని. నా గొంతు లేస్తే ఐసుగడ్డ కూడా ఉలిక్కిపడుతుంది. వేసవిలో వేట నిషేధం కదా, బోట్లు కట్టేస్తారు, పాట ఉండదు. వారాల తరబడి అరవకుండా కూర్చుంటే నేను విజిల్ రాని ప్రెషర్ కుక్కర్‌ని. తప్పులో సగం దానిదే.

మనవరాలు సౌజన్యకి అయిదో తరగతి అయిపోయింది. ఆరుకి బడి మార్చాలి. పక్క వీధిలోనే గవర్నమెంటు హైస్కూలుంది. కానీ ఎదురింటి పిల్ల టై కట్టుకుని పసుపు బస్సెక్కుతుంటే నాకు ఒళ్లు మండేది. చదువు కోసం మార్చాలనుకున్నానని అబద్ధం చెప్పను. బస్సు కోసమే. మీలో సగంమంది ఎందుకు మార్చారో నాకు తెలియదా?

ఆ ఉదయం, పిల్లల్ని చేర్పించమని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు ఇద్దరు ఒకేసారి దిగారు. బందరు స్కూలు శ్రీను సారు, గుడివాడ హాస్టలు స్కూలు మేరీ మేడం.

"బస్సు మీ గుమ్మం దాకా వస్తుందండీ," అన్నాడు సారు.

"మాకు బస్సే అక్కర్లేదండీ, పాప అక్కడే ఉంటుంది," అంది మేడం.

ఒకటే సరుకు, ఇద్దరు కొనేవాళ్లు. నా అరికాళ్లలోంచి ఏదో పైకి పాకింది. కొంగు నడుముకి చుట్టి లేచాను.

"బందరు వారి పాట, గుమ్మం దాకా బస్సు! ఆపైన ఎవరండీ?"

"ఏసీ గది!" అంది మేడం.

"బూట్లు, టై ఉచితం!" అన్నాడు సారు.

"ఆదివారం చికెన్ బిర్యానీ!"

సారు చేతిలో కాగితాలు తిరగేశాడు.

"తగ్గకండి సారూ! పండుగప్ప లాంటి పిల్ల! కళ్లు చూడండి, ఎంత తేటగా ఉన్నాయో!" మొప్పలెత్తి చూపించలేదు, అంతే.

"మా స్కూల్లో బిర్యానీ లేదండీ," అన్నాడు పాపం.

"గుడివాడ వారి బిర్యానీ, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని అరుగు చరిచాను.

చరిచాక తెలివొచ్చింది. పిల్ల హాస్టలుకి పోతుంది! అరవై దాటిన నాకు పలక పట్టించి అక్షరాలు దిద్దిస్తున్నది ఆ పిల్లే. మూడోసారి అనేసిన పాట వెనక్కి తీసుకుంటే రేవులో నా ముందు ఎవరూ బుట్ట దించరు.

"పాట అయిపోయింది కదండీ," అంది మేడం, కదలకుండా.

సౌజన్య నడుం మీద చెయ్యేసుకుని నా ముందుకొచ్చింది. "నాయనమ్మా, బోటు ఓనరు లేకుండా సరుకు పాటకి పెడతావా?"

"పెట్టను. పెట్టినా చెల్లదు."

"మరి మా అమ్మ ఏదీ?"

రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన మా కోడలు నాగమణి వెనకే ఉంది. "ఏం అత్తా, ఐసేసి పార్సిల్ చేద్దామనుకున్నావా?" అంది. "మళ్లీ పెట్టు పాట. ఈసారి నువ్వూ పాడవే," అంది కూతురితో.

"పక్కవీధి హైస్కూలు. నడిచే వెళ్తా," అంది సౌజన్య. "సాయంత్రం వచ్చి నాయనమ్మకి ఒత్తులు నేర్పుతా."

నాకప్పటికి గుణింతాల దాకానే వచ్చు. మేడం ఇంకేదో అనబోయింది. ఒకటోసారీ లేదు, రెండోసారీ లేదు, ఏకంగా మూడోసారే అనేశాను. రేవులో అలా చేస్తే తంతారు. తన్నమనండి.

కాబట్టి సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరినీ వేలం వేయను. వేసినా తల్లి ఎదురుగానే వేస్తాను. ఆ రోజు అక్కడున్నవాళ్లు, నా చేత్తోనే రాస్తున్నాను: బందరు శ్రీను సారు, గుడివాడ మేరీ మేడం, మా కోడలు నాగమణి, నేను, పాట గెలిచిన సౌజన్య. ఆ చివరి పేరులో ఒత్తు నేనే పెట్టాను, ఎవరినీ అడగకుండా.