నాలుగో పెట్టె దగ్గర దుప్పి

తైస్తో మాకిరంతకు ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే: తన అడవిలో మనుషులు ఊపిరి వదలడం. పీల్చుకుంటే ఆయనకు అభ్యంతరం లేదు. వదలడం మాత్రం ఆయన దృష్టిలో ఒకరి వంటింట్లోకి వెళ్లి చెప్పులు దులిపినంత అమర్యాద.

నిజానికి అది ఆయన ఉద్యోగమే. మధ్య ఫిన్లాండులో సరస్సు పక్కనున్న ఆ పరిశోధన కేంద్రంలో, అడవి గాలినుంచి ఎంత బొగ్గుపులుసు వాయువు మింగుతోందో, నేల తిరిగి ఎంత వదులుతోందో ముప్పయ్యేళ్లుగా కొలుస్తున్నారు. పైన్ చెట్లను మించిన ఇనప స్తంభం ఒకటి, నాచులో పాతిన అద్దాల పెట్టెలు పన్నెండు. అరగంటకోసారి పెట్టెల మూతలు వాటంతటవే పడి, నేల ఊపిరి కొలిచి, మళ్లీ తెరుచుకుంటాయి. సరిగ్గా ఆ వేళకు పక్కనెవరైనా ఊపిరి వదిలారా, నేలకు ఆయాసం వచ్చినట్టు అంకెలు ఎగిరిపడతాయి.

అందుకని తైస్తో బాటకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు. అక్కడినుంచి ముప్పయి అడుగులు ఊపిరి బిగపట్టి నడవాలి. కేంద్రం అధిపతి హల్మేకైనా మినహాయింపు లేదు. పాపం ఆ భారీ మనిషి అవతలి ఒడ్డుకు చేరేసరికి బీట్‌రూట్ రంగుకు తిరిగేవాడు.

"మాట్లాడొచ్చాండీ?" అని అడిగాడు ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి.

"ఊపిరి వదలకుండా మాట్లాడగలిగితే శుభ్రంగా మాట్లాడండి."

శనివారం సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, పొయ్యి వెలిగించాలన్నా ముందు ఆయన వేలు తడిపి గాలి ఎటు వీస్తోందో చూడాల్సిందే. ఒక వేసవిలో మూడు వారాలు వరసగా పొగ పెట్టెల వైపు పోయే గాలే వీచింది. ఫిన్లాండువాళ్లను మూడు వారాలు సౌనాకు దూరం చేసి కూడా బతికి బట్టకట్టినవాడు తైస్తో ఒక్కడే.

అంకెలు ఎగిరినప్పుడల్లా కారణం నల్లట్ట పుస్తకంలో రాసేవాడు. "కుందేలు." "హల్మే, నవ్వు." ఒకచోట తన గురించే, "తైస్తో, తుమ్ము ఒకటి, సిగ్గుచేటు."

ఇదంతా తలుచుకుని అందరికంటే ఎక్కువ నవ్వుకునేది ఇంకేరి. నాలుగేళ్లుగా ఆ పెట్టెల మీదే డాక్టరేటు చేస్తోంది. నవంబరులో నిండు హాల్లో రెండు గంటలు నిలబడి తన సిద్ధాంతాన్ని సమర్థించుకోవాలి. ఆమెకు నత్తి. మాట తట్టుకోగానే ఎదుటివాళ్లు దయతో దాన్ని పూర్తి చేసేస్తారు, చాలాసార్లు తప్పుగా. హల్మే అయితే ఆమె నోరు తెరవకముందే పూర్తి చేసేవాడు. తైస్తో ఒక్కడే ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఊపిరి బిగపట్టడం అలవాటైన మనిషి కదా, అందుకే కాబోలు అనుకునేది.

ఆ వేసవంతా ఆమె మధ్యాహ్నం పన్నెండుకు రొట్టె పొట్లం పట్టుకుని నాలుగో పెట్టె అవతలి బండ దగ్గరికి వెళ్లేది. రిబ్బను దాటి ముప్పయి అడుగులూ లెక్కపెట్టుకునే కూర్చునేది. అక్కడ చెట్లకు తన ఉపన్యాసం అప్పజెప్పేది. చెట్లు ఎవరి మాటా పూర్తి చెయ్యవు. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాననుకుంది.

ఆ వేసవిలోనే నాలుగో పెట్టెకు ఆయాసం పట్టుకుంది. చాలా రోజులు పన్నెండు దాటగానే అంకెలు ఎగిరేవి. నల్లట్ట పుస్తకంలో ప్రతిసారీ ఒకటే మాట: "దుప్పి."

అక్టోబరు వచ్చేసరికి హల్మేకు ఓపిక నశించింది. "నలభై రోజులు! అదేం దుప్పి తైస్తో, గడియారం పెట్టుకుని వస్తోందా? వేటగాళ్ల సంఘానికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున వస్తున్నారు."

శుక్రవారం ఇంకేరి ఆ పుస్తకం తిరగేసింది. తను జ్వరంతో పడుకున్న నాలుగు రోజులూ దుప్పి రాలేదు. తను ఊరెళ్లిన ప్రతి బుధవారమూ రాలేదు. గాలి స్తంభించిన మధ్యాహ్నాల్లో, ముప్పయి అడుగుల అవతలినుంచి తన ఉపన్యాసమే మెల్లగా పాకి వెళ్లిందన్నమాట. చెబితే నాలుగేళ్ల చాకిరీ అనుమానంలో పడుతుంది, నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని దుప్పి ఏదో రేపు పులుసైపోతుంది.

శనివారం పొద్దున నారింజరంగు చొక్కాల్లో ఆరుగురు వేటగాళ్లు ముంగిట్లో కాఫీ తాగుతున్నారు. ఇంకేరి వెళ్లి వాళ్ల మధ్య నిలబడింది.

"ఆ దు... దు..."

"దూరంగా పోయిందా?" అన్నాడు హల్మే.

"దున్నపోతులా ఉందా?" అన్నాడు వేటగాళ్ల పెద్ద ఓస్మో.

తైస్తో చెయ్యెత్తాడు. "నోళ్లు ముయ్యండయ్యా. మాట ఆ పిల్లది."

అందరూ ఊపిరి బిగపట్టారు.

"ఆ దుప్పిని... నేనే."

ఓస్మో టోపీ తీసి తల గోక్కున్నాడు. "లైసెన్సు దుప్పికే ఉందమ్మా. నిన్ను కాల్చడానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి."

హల్మే నవ్వలేదు. "తైస్తో, మరి ఆ నలభై రోజుల అంకెలు?"

"ఏ రోజువి ఆ రోజే లెక్కలోంచి కొట్టేశాను. ఆవిడ డాక్టరేటు లెక్కల్లోకి ఒక్కటీ పోలేదు. పేరొక్కటే మార్చాను."

"ఎందుకయ్యా?"

"చెబితే మానేసేది." తైస్తో ఇంకేరి వైపు తిరిగాడు. "ఆ బండ పక్కనున్న మిషన్ల గదిలోకి అంతా వినిపిస్తుందమ్మాయ్. రెండో అధ్యాయం బాగుంది. నాలుగో బొమ్మ దగ్గర మాత్రం తొందరపడుతున్నావు."

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఊపిరి వదిలితే విరోధి అనుకునే మనిషి, తన అడవిలో ఆమెకు నలభై రోజులు ఊపిరి వదిలే చోటిచ్చాడు.

సోమవారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే, పెట్టెల వైపు గాలి వీచని దిక్కున, నూటపది అడుగుల దూరంలో కొత్త బల్ల ఒకటి ఉంది. దానికి కొట్టిన చెక్క మీద తైస్తో చేతిరాత: "దుప్పులకు మాత్రమే. ఊపిరి ఎంతైనా వదలవచ్చు."

నవంబరులో హాలు నిండింది. తైస్తో పెళ్లినాటి సూటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నాలుగో బొమ్మ దగ్గర ఇంకేరి మాట తట్టుకుంది. ప్రశ్నలు వెయ్యడానికి వచ్చిన ప్రొఫెసరు సాయం చెయ్యబోయి నోరు తెరిచాడు. ఆమె ముందు వరస వైపు చూసింది. తైస్తో రెండు బుగ్గలూ పూరించి, కళ్లు పెద్దవి చేసి ఊపిరి బిగపట్టాడు. ముఖం అప్పుడే హల్మే రంగుకు తిరుగుతోంది. పెద్దాయన ప్రాణం మీదికి తేవడం ఇష్టం లేక ఇంకేరి చిన్నగా నవ్వింది, తొందరపడకుండా ఆ మాట పూర్తి చేసింది.

తైస్తో హాలంతా వినబడేలా ఊపిరి వదిలాడు. పక్కనున్న హల్మే ఆయన చెవిలో అన్నాడు: "పుస్తకంలో రాసుకో."