బ్రోకరు ఖాదర్ భాయ్ ఎవరి మనిషి?

ఈ రోజు పుంగనూరులో మేం కొనే ఇంటి స్థలం బేరం కుదిరింది. అమ్మే రెడ్డెప్పకు అడ్వాన్సు ఇవ్వబోతుంటే బ్రోకరు ఖాదర్ భాయ్ ఆపాడు.

"ఒక మాటప్పా. నేను మీ ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటాండాను. ఇద్దరికీ తెలిసి, ఒప్పుకుంటేనే అది హలాల్, అంటే ధర్మమైన సొమ్ము అని మా మసీదు హజ్రత్ చెప్పినారు. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పేయండి."

రెడ్డెప్పా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఖాదర్ భాయ్ నా మనిషేనని ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం మురిసిపోయాం!

మా ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. "ఒప్పుకున్నాం లే భాయ్. రెడ్డెప్పన్న ఇల్లు ఈ స్థలం పక్కనే ఉండాది. రేపు గోడ కాడ తగవొస్తే, ఇద్దరి మనిషివి, నువ్వే వచ్చి తీర్చల్ల."

రెడ్డెప్ప కూడా నవ్వేసి సరేనన్నాడు. బేరం నిలబడింది. ఇలా ముఖం మీదే చెప్పి తీసుకునే బ్రోకరు మీకెవరికైనా తగిలాడా?