ఎంగిలి చెంచా

ఆయన్ని ఆ పేటలో అందరూ చెంపదెబ్బ అనే పిలుస్తారు. పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. మొండికేసిన పెట్టెను ముందు అరచేత్తో ఒక్కటి చరుస్తాడు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీస్తాడు. సగం పెట్టెలు ఆ దెబ్బకే లేచి కూర్చుంటాయి. లోపల వదులైన తీగ ఏదో సర్దుకుంటుంది, అంతకుమించి మహిమ ఏం లేదు. ఒకసారి మాత్రం వారం రోజులు సతాయించిన ప్రింటర్ని ఎత్తి మేడ మీద నుంచి కిందికి విసిరేశాడు. అది సొంత ప్రింటర్ కాదు. ఆ గొడవ సర్దడానికి ఆయన భార్య నాలుగు సాయంత్రాలు తిరిగింది.

కోపం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి లారీ డ్రైవరు. ఇల్లు చేరిన రోజు ముందు చెప్పులు విప్పేవాడు, తర్వాత బెల్టు విప్పేవాడు. తల్లి ముందుపళ్లు రెండు ఆ బెల్టు బకిలుకే రాలాయి. ఆమె చిటికెన వేలు తలుపు సందులో పెట్టి నొక్కేసిన రోజున చెంపదెబ్బకు పదమూడేళ్లు. ఆ తలుపుకు ఇవతలే నిలబడి, నోరు పెగలక, కళ్లప్పగించి చూశాడు. జన్మలో మనిషి మీద చెయ్యి చేసుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు నలభై ఆరు. ఇంతవరకూ ఒట్టు తప్పలేదు. ఆ రోజు నోరు పెగలని సంగతి గురించి మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలేదు, పాపం, అది అప్పుడు తట్టలేదు.

మెడలో నల్ల తాడుకు ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతూ ఉంటుంది. వైరస్ మందులు, ప్రింటర్ల ప్రోగ్రాములు, సమస్తం అందులోనే. పొద్దున బడిలో పెడతాడు, మధ్యాహ్నం ఫొటోల షాపులో పెడతాడు, సాయంత్రం మందుల కొట్టులో పెడతాడు. దాన్ని చూస్తే భార్యకు ఒళ్లు మంట. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, ఒకరి కొలత టేపు ఇంకొకరి కొలతల దగ్గర పొరపాటున కూడా వాడదు.

"అందరి నోట్లో పెట్టిన ఎంగిలి చెంచా అది. కాస్త కడుగుతారా ఎప్పుడైనా?" అని ఎత్తిపొడిచేది.

"పెన్‌డ్రైవ్‌ను కడగడమేంటే పిచ్చిదానా" అని నవ్వేవాడు.

గురువారం పొద్దున్నే కంకర క్రషర్ మేస్త్రి ఫోను చేశాడు. కాటా కంప్యూటర్ లేవడం లేదట. ఆ క్రషర్‌లో లారీ బయటికి కదలాలంటే ముందు కాటా ఎక్కాలి. గదిలో కంప్యూటర్ బరువు చూపించి చీటీ అచ్చు వేస్తుంది. చీటీ లేనిదే గేటు తెరవరు. మంగళవారమే చెంపదెబ్బ అక్కడికి వెళ్లి చీటీల ప్రింటర్ సరిచేసి వచ్చాడు. రెండు రోజులకే మళ్లీ ఏం ముంచుకొచ్చిందో అనుకుంటూ బండి తీశాడు.

వెళ్లేసరికి పదకొండు లారీలు కంకర నింపుకుని బారులు తీరి ఉన్నాయి. ముందు నాదంటే నాదని ఇద్దరు డ్రైవర్లు కాలర్లు పట్టుకున్నారు. చూస్తుండగానే ఒకడు జాకీ రాడ్డు తీసి రెండోవాడి నెత్తిన వేశాడు. వాడు లారీ బంపర్ పట్టుకుని కూలబడ్డాడు, తెల్లటి కంకర పొడి మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది. కాటా గది అద్దం ఎవరో రాయి వేసి పగలగొట్టారు. ఆ రాయి ఇంకా కీబోర్డు పక్కనే ఉంది.

లోపల గుమస్తా గోడకు ఆనుకుని నేల మీద ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, బక్కపలచని మనిషి, కింది పెదవి చిట్లి వేలాడుతోంది. యజమాని కుర్చీలో కూర్చుని బెల్టును పిడికిలికి చుట్టుకుంటున్నాడు. బకిలు పైకి వచ్చేలా చుడుతున్నాడు. ఫోను చేసిన మేస్త్రి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వచ్చావా? వీడు ఇందులో ఏం పెట్టాడో తేల్చు" అన్నాడు యజమాని. "సోమవారం సెలవడిగితే ఇవ్వనన్నాను. నేను లేకపోతే మీ కాటా ఎలా నడుస్తుందో చూస్తాను అని నా మొహం మీదే అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం దాకా పత్తా లేడు. ఇవాళ చూడు, కాటా చచ్చింది."

"అమ్మకి కంటి ఆపరేషన్ సార్. నోరు జారాను. నేనేం ముట్టుకోలేదు" అన్నాడు గుమస్తా. అనడమే ఆలస్యం, బకిలు చెవి మీద పడింది.

చెంపదెబ్బ కంప్యూటర్ ముందు కూర్చుని అలవాటు కొద్దీ పెట్టెను ఒక్కటి చరిచాడు. ఆ చప్పుడుకి గోడ దగ్గర గుమస్తా రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి మళ్లీ ఎత్తడానికి చెంపదెబ్బకు సిగ్గేసింది.

కంప్యూటర్ లేచింది. లేచీ లేవగానే తెర మధ్యలో ఒక బూడిదరంగు డబ్బా. ఫలానా స్క్రిప్టు ఫైలు దొరకలేదు అని, అర్థం పర్థం లేని అక్షరాలతో ఒక పేరు. ఓకే నొక్కితే పోయి మళ్లీ వస్తుంది. కాటా ప్రోగ్రాం మాత్రం తెరుచుకోదు.

"ఇది పురుగండి, ఒక రకం వైరస్" అన్నాడు యజమానితో. "నిన్న రాత్రి వైరస్ మందు తన పని తాను చేసి పురుగును చంపేసింది. కానీ అది చచ్చేలోపే స్టార్టప్ జాబితాలో మీ కాటా ప్రోగ్రాం కంటే ముందు తన పేరు ఎక్కించుకుంది. కంప్యూటర్ లేవగానే ముందు దాన్నే పిలుస్తుంది. చచ్చింది ఎలా పలుకుతుంది? అది పలికితే గానీ కాటా తెరుచుకోదు. జాబితాలోంచి ఆ పేరు పీకేస్తే సరిపోతుంది."

"అది దానంతటదే పాకి వచ్చిందా?"

"ఇంటర్నెట్ లేని కంప్యూటర్ కదండీ. ఎవరో పెన్‌డ్రైవ్ పెడితేనే వస్తుంది."

తన తెలివి చూపించుకోవాలన్న సరదా కొంపలు ముంచుతుంది చూడండి. ఆ మాట నోటి నుంచి ఊడిపడగానే యజమాని కుర్చీలోంచి లేచాడు.

"విన్నావురా? ఎవరో పెట్టారట" అని గుమస్తాను జుట్టు పట్టి లేపాడు.

చెంపదెబ్బ జాబితా తెరిచాడు. పురుగు రెండుచోట్ల పేరు ఎక్కించుకుంది, ఎక్కిన తేదీ, వేళ కనిపించాయి. మంగళవారం, పదకొండూ పది. గుమస్తా ఆ వేళకు ఆసుపత్రిలో తల్లి పక్కన ఉన్నాడు. ఆ వేళకు ఈ కుర్చీలో ఎవరున్నారో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. తనే టీ గ్లాసు ఇక్కడే, ఈ మూలే పెట్టాడు. పెన్‌డ్రైవ్ కూడా ఇక్కడే, ఈ సందులోనే.

ఎవరూ చూడకుండా మెడలోంచి తాడు తీసి, పెన్‌డ్రైవ్ పెట్టి, దాచిన ఫైళ్లు బయటికి రప్పించాడు. అదే పేరు, అవే పిచ్చి అక్షరాలు. పది రోజుల నాటిది, మధ్యాహ్నం వేళది. అంటే ఫొటోల షాపులో ఎక్కింది. తర్వాత బడి, మందుల కొట్టు, ఇక్కడ. ఎంగిలి చెంచా అన్న ఆ మాట భార్య పక్కనే నిలబడి అన్నంత స్పష్టంగా వినిపించింది.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ముందు కాటా నడిపిద్దాం, లారీలు కదులుతాయి, అందరి కోపం అదే చల్లారుతుంది, ఇక ఎవరు పెట్టారన్నది ఎవరికి కావాలి అనుకున్నాడు. పది నిమిషాల పని. ఎంత చక్కగా నచ్చజెప్పుకున్నాడో, దొంగ సచ్చినోడు.

వెనక యజమాని బల్ల సొరుగు లాగుతున్నాడు. "చెయ్యి పెట్టించవయ్యా" అన్నాడు మేస్త్రితో. "ఏ చేత్తో పెట్టావురా? ఈ చేత్తోనేనా?"

చెంపదెబ్బ జాబితాలో మొదటి పేరు చెరిపాడు. సొరుగు ధడేలుమని మూసుకుంది. లోపల పుటుక్కుమంది. ఆ చప్పుడు ఆయనకు పదమూడో ఏటి నుంచీ తెలుసు. గుమస్తా కేక వెయ్యలేదు, కుక్క మూలిగినట్టు మూలిగాడు. చెంపదెబ్బ వేళ్లు మాత్రం ఆగలేదు, రెండో పేరు కూడా చెరిపాయి. సరిచూసుకోవడానికి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. తెర నల్లగా ఉన్నంతసేపూ అందులో తన మొహమే కనిపించింది. ఆ మొహం వెనక సొరుగు రెండోసారి మూసుకుంది.

బూడిదరంగు డబ్బా రాలేదు. కాటా ప్రోగ్రాం తెరుచుకుంది.

"అయిపోయిందండి. నడుస్తోంది. వదిలెయ్యండి వాణ్ని" అన్నాడు లేచి.

"వదులుతాను. మూడో వేలు కూడా కానివ్వు."

"వాడు కాదండి. నేను పెట్టాను." సొరుగు వైపు ఒక అడుగు వేశాడు. మళ్లీ అన్నాడు. "నా పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది. మంగళవారం. నేనే."

యజమానికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక బెల్టు విప్పి పొడుగ్గా పట్టుకున్నాడు. మొదటి దెబ్బకు కనుబొమ చీలింది. తర్వాతవి వీపు మీద, మెడ మీద, కిందపడ్డాక ఎక్కడ పడితే అక్కడ. యజమాని పెన్‌డ్రైవ్‌ను తాడుతో సహా కంప్యూటర్‌లోంచి పీకి నేలకేసి బూటు మడమతో తొక్కాడు. చెంపదెబ్బ చెయ్యి అడ్డం పెట్టలేదు. బయట పదకొండు హారన్లు ఒక్కసారి మోగడంతో యజమాని రొప్పుతూ ఆగాడు.

"ముందు లారీలు కదిలించండి. తర్వాత ఇద్దరి సంగతీ చూస్తాను" అని మేస్త్రిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. గుమస్తా కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. రెండు వేళ్లు వంకాయల్లా వాచాయి, ఒకటి పక్కకు తిరిగి ఉంది.

"అన్నా, నీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసింది తమ్ముడూ అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ కుర్రమనిషి నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు.

"ముందే తెలిసింది."

"ముందంటే?"

"మొదటి వేలికి ముందే."

గుమస్తా గోడ పట్టుకుని లేచాడు. దగ్గరికి వచ్చి ఎడంచేత్తో చెంప మీద కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, సరిగ్గా తగల్లేదు. రెండోసారి సరిగ్గా తగిలింది. మూడోసారి చీలిన కనుబొమ మీదే పడి రక్తం గోడ మీదికి చిమ్మింది. ఆ తర్వాత ఆ చెయ్యి కిందికి దించేశాడు.

"పద, ఆసుపత్రికి తీసుకెళ్తాను" అన్నాడు చెంపదెబ్బ.

"ఈ పదకొండూ కదలందే నన్ను గేటు దాటనివ్వరు." గుమస్తా పగిలిన కిటికీలోంచి బయటికి చూశాడు. మొదటి లారీ కాటా మీదికి ఎక్కుతోంది. గాజుపెంకులు కాలితో పక్కకు నెట్టి, కుర్చీ లాగి, చెంపదెబ్బ వైపు తోశాడు. "కూర్చో. లారీ నంబర్లు నేను చెప్తాను. నువ్వు కొట్టు."

చెంపదెబ్బ కూర్చున్నాడు. గుమస్తా వెనక నిలబడి నంబరు ఒక్కో అక్షరం చెప్తుంటే, పెట్టెకు కూడా నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా ఒక్కో కీ నొక్కాడు.

"గట్టిగా కొట్టు అన్నా" అన్నాడు గుమస్తా. "పడటం లేదు."