ముసుగు కెప్టెన్

పెద్దక్క మరిదికి ఉన్న పిచ్చి ఒక్కటే. పడవను చక్రాల ట్రాలీకెక్కించి, బండికి తగిలించి రోడ్డు మీద లాక్కెళ్ళేటప్పుడు దానిమీద కవరు కప్పకుండా అడుగు కదపడు. ఎండ మాడ్చినా, గాలి ఈడ్చికొట్టినా, దారిపొడవునా జనం పళ్ళికిలించినా, ముసుగేసిన పడవతోనే బయల్దేరతాడు. వీధి వీధంతా అతన్ని ముసుగు కెప్టెన్ అనే పిలుస్తుంది. ఆ పేరు పుట్టింది పెద్దక్క నోట్లోనే. చెల్లెలి మొగుడు కదా అని ఆవిడేమీ మొహమాటపడలేదు.

ఆ పడవ అందం కూడా కాస్త చెప్పుకోవాలి. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటిమీద గది నేలంత పలక, చుట్టూ రెయిలింగు, లోపల సోఫాలు. పాంటూన్ బోటు అంటారట. "హాలుకి గోడలు కట్టడం మర్చిపోయి నీళ్ళలోకి తోసినట్టుంది" అంది పెద్దక్క, మొదటిసారి చూసినప్పుడు. ఎవరూ విడిపించుకోని సరుకు కింద పార్సిలు ఆఫీసు వెనక ఏళ్ళ తరబడి ఎండకెండుతుంటే, అక్కడే లారీల లోడింగు చూసే కెప్టెన్ జాలిపడి కొనుక్కున్నాడు. సెలవు వస్తే చాలు, ఊరవతల సరస్సుకు దాన్ని తోలుకెళ్ళి, నడిమధ్యన ఇంజను ఆపేసి, సోఫా మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసి వస్తాడు. ఆకాశం ఇంటి దగ్గర కూడా ఉందని ఎవరు చెప్పినా చెవికెక్కదు.

బయల్దేరడానికి ముందు కట్టడమనే తతంగం ఒకటుంది. కవరు పరిచి, మూల మూలా లాగి, దానిమీద అడ్డంగా బెల్టులు, నిలువుగా బెల్టులు, వాటిమీద తాళ్ళు. చుట్టూ తిరుగుతాడు. ఒక చోట తడుముతాడు. మళ్ళీ చుట్టూ తిరుగుతాడు. ఎదురింటి వరండాలో పెద్దక్క కాఫీ గ్లాసుతో సిద్ధంగా ఉంటుంది. ఆవిడకు అంతకన్నా మంచి కాలక్షేపం లేదు.

"పసిదానికి చలేస్తుందేమో. ఇంకో దుప్పటి తెచ్చివ్వనా మరిదీ?"

"చాలొదినా, ఇదే బరువు."

"ఎవరైనా చూస్తే అరిగిపోతుందా ఏమిటి నీ పడవ?"

"దుమ్ము పడుతుందని వదినా."

"నీళ్ళలో దించేదానికి దుమ్ము భయం."

అతను నవ్వి ఇంకో ముడి వేసేవాడు. వెక్కిరిస్తే ఉడుక్కోని మనిషిని వెక్కిరించడంలో రుచి ఉండదు. ఆ కోపం కూడా పెద్దక్క కాఫీలో కలుపుకుని తాగేది.

సరస్సు దగ్గర పడవలున్నవాళ్ళంతా ఒకటే మాట చెబుతారు. కవరు అనేది ఇంటి ముందు నిలబెట్టినప్పుడు వేసేది. రోడ్డెక్కేముందు తీసి, మడిచి, లోపల పెట్టుకోవాలి. లేదంటే గాలి కిందనుంచి దూరి బెలూనులా ఉబ్బించి చించేస్తుంది. కెప్టెన్ శ్రద్ధగా వింటాడు, "నిజమేనండీ" అని తలూపుతాడు, తిరుగు ప్రయాణంలో మళ్ళీ కప్పుకుంటాడు.

ఆ గాలి పని ఎలా ఉంటుందో ఊరంతా ఒకసారి చూసింది. నాలుగు రోడ్ల కూడలిలో కవరు చివర ఊడి, పడవంత గుడ్డా పైకి లేచి, కాసేపు ఏ ఇంటిమీద వాలదామా అని ఆలోచించి, దిమ్మెమీద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు నెత్తిన వాలింది. ఆయన నిలువునా మాయమయ్యాడు. లోపలినుంచి ఈల మాత్రం వినిపిస్తూనే ఉంది. ఆపమంటున్నాడో, వెళ్ళమంటున్నాడో తెలియక బళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఎవడిదిరా ఈ డేరా?" అంది గుడ్డ.

"నాదేనండీ. తప్పు నాదే. ముడి సరిగా పడలేదు" అన్నాడు కెప్టెన్, గుడ్డకే దండం పెడుతూ.

అతని ముడి గురించి అసలు వింత ఇది. పార్సిలు ఆఫీసులో అతను కట్టించిన సరుకు ఇంతవరకూ బెత్తెడు జరగలేదు. అద్దాల బీరువాలు కొండ దారుల్లో కుదుపులు తింటూ వెళ్ళినా గీత పడకుండా చేరతాయి. అలాంటివాడు తన పడవ మీద ఒక్క గుడ్డ నిలబెట్టుకోలేడు. "జీతమిచ్చేవాళ్ళ సరుక్కే ముడి పడుతుంది కాబోలు" అనేది పెద్దక్క.

ఆవిడ ఇంతగా మండిపడటానికి కారణముంది. ఆ కవరు కుట్టింది ఆవిడ కన్నతండ్రి. పెద్దరోడ్డు మలుపులో ఆయనకు టార్పాలిన్ల కొట్టు. ఒకప్పుడు ఊళ్ళోకి వచ్చే లారీలన్నిటికీ ఆయన కుట్టే దిక్కు. ఇప్పుడు ఫ్యాక్టరీనుంచి తయారు కవర్లు వస్తుంటే, మిషను ముందు కూర్చుని రోడ్డు చూడటమే ఆయనకు సగం పని. "నేను కుట్టింది రోడ్డు మీద వేసుకెళ్ళొచ్చు, తుఫానులో వేసుకెళ్ళొచ్చు. కుట్టు విడిపోయిందన్నవాణ్ణి నాకు చూపించండి" అంటాడు. అలాంటి కుట్టును ఈ చేతకాని అల్లుడు ప్రతి సెలవుకీ చింపి తెచ్చి బల్లమీద పడేస్తాడు.

"ఏమయ్యా అల్లుడూ, మళ్ళీనా?"

"నా తప్పే మామయ్యా. ముడి జారింది."

"చేతులా అవి, చెంచాలా? పార్సిలు ఆఫీసువాళ్ళు నిన్నెలా భరిస్తున్నారు?"

"వాళ్ళదీ అదే బాధ మామయ్యా."

ఇలా సాగుతుండగా పెద్దాయనకు చాన్నాళ్ళకి ఒక గట్టి పని వచ్చింది. సరస్సు దగ్గర పడవలు అద్దెకిచ్చే యజమాని తన పడవలన్నిటికీ కవర్లు కుట్టమన్నాడు. పెద్దాయన ఆ రోజు కొట్టు ముందు తనే ఊడ్చుకున్నాడు. అంతలో యజమాని కంట్లో కెప్టెన్ చిరిగిన కవరు పడింది.

"ముడి తప్పో, కుట్టు తప్పో నాకేం తెలుసు? వచ్చే సెలవుకి ఇదే కవరు కప్పుకుని రండి. చెక్కు చెదరకుండా సరస్సు చేరితే పని మీ మామగారిది. లేకపోతే ఫ్యాక్టరీకే చెప్పేస్తాను" అన్నాడాయన.

ఈ మాట పెద్దక్క చెవిన పడింది. ఆవిడ చెవిన పడని మాట ఆ ఊళ్ళో లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది.

"నీ చేతకానితనంతో మా నాన్న నోటికాడి పని పోయేలా ఉంది. ఈసారి నీ పక్కన నేను కూర్చుంటా. ప్రతి ముడీ నేను చూడాలి."

కెప్టెన్ ఆకాశం వంక చూశాడు. "ఎండ వదినా."

"గొడుగుంది."

"బండి కుదుపు."

"నడుం గట్టిదే."

సెలవురోజు వచ్చింది. పెద్దక్క ముడులన్నీ ఒక్కొక్కటీ లాగి చూసింది. లాగి లాగి వేళ్ళు ఎర్రబడ్డాయిగానీ ఒక్కటీ కదల్లేదు. ఏదో మతలబుందని అప్పుడే అనుమానం తగిలింది. అనుమానం తగిలాక ఆవిడకు పట్టపగ్గాలుండవు.

బండి నత్తలా కొట్టు ముందుకు వచ్చింది. పెద్దాయన మిషను వదిలి లేచాడు. నడుం మీద చెయ్యేసుకుని, తన కవరు ఆ చివరినుంచి ఈ చివరిదాకా రోడ్డు మీద ఊరేగుతుంటే, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

మలుపు తిరగ్గానే కెప్టెన్ లారీలు తూచే కాటా వెనక్కి బండి పోనిచ్చి ఆపేశాడు. సీటు కిందనుంచి వంకర సూది, దారపు ఉండ తీశాడు.

"అప్పుడే ఏం చింపావు?" అంది పెద్దక్క.

"ఇంకా చినగలేదు వదినా. మొన్న ఇంట్లో చూసుకున్నా, ఈ మూల తప్పిపోయింది. ఇందాక కడుతుంటే కనబడింది. మీరు కూర్చోండి, ఎండ."

ఆవిడ కూర్చునే రకమా. దిగి దగ్గరకెళ్ళి చూసింది. టార్పాలిన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కుట్టు చదవడం వేరే నేర్పక్కర్లేదు. మిషను కుట్టు తిన్నగా మొదలై, తిన్నగా సాగి, ఒకచోట మెల్లగా దారి తప్పింది. అక్కణ్ణించి జానెడు మేర సూది ఒక్క గుడ్డనే కుట్టింది. రెండోది ఉత్తినే ఆనుకుని ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే మళ్ళీ అదే. అలాంటి చోట్లన్నీ అడుగునుంచి లావుపాటి చేతికుట్లతో ఎవరో అతికించారు.

పెద్దక్క గొడుగు ముడిచేసింది. "ఎప్పట్నించి?"

"కిందటి వానాకాలం నుంచి. మామయ్యకి అంచు కనబడట్లేదు. ఇంటి దగ్గరే చూసుకుని కుట్టేస్తుంటాను. నా కళ్ళబడనిది రోడ్డుమీద విడిపోతుంది."

"ఆయనకు చెప్పొచ్చుగా."

"ఓసారి చెప్పాను. మర్నాడు కొట్టు తెరవలేదు. వెళ్ళి చూస్తే తలుపులు మూసుకుని మిషనుకి నూనె వేస్తున్నారు, అమ్మేస్తానని. అప్పుడే నా ముడి జారిందని చెప్పేశా."

"పోనీ, కవరు తీసేసి లాక్కెళ్ళి చావొచ్చుగా."

"కొట్టు ముందునుంచి వెళ్ళాలి కదా వదినా. ఆయన లేచి చూస్తారు."

"ఊరంతా నవ్వుతుంటే సిగ్గెయ్యలేదూ?"

"పడవను చూసి నవ్వుతున్నారు. నన్ను చూసి కాదుగా."

"నిన్ను చూసే. మొదలుపెట్టిందే నేను" అంది పెద్దక్క. అతని చేతిలో సూది లాక్కుంది. "ఇలా ఇయ్యి. గోనెసంచి కుట్టినట్టు కుడుతున్నావు."

కవరు సరస్సు దగ్గరికి చెక్కు చెదరకుండా చేరింది. యజమాని చుట్టూ తిరిగి చూసి, "మొత్తానికి ముడి వెయ్యడం నేర్చుకున్నారన్నమాట" అన్నాడు.

"మా వదిన నేర్పిందండీ" అన్నాడు కెప్టెన్. పెద్దక్క ఆ మాటను కాదనలేదు.

పని నిలబడింది. దాంతో అసలు చిక్కు వచ్చిపడింది. అన్ని పడవల కవర్లనూ కాటా వెనక కూర్చుని అతికించడం ఇద్దరివల్లా కాదు. ఆ మర్నాడే పెద్దక్క తనకు చూపు మందగించిందని ఇంట్లో గోల పెట్టి, ఫ్రేము ఎంచడానికి తోడు రమ్మని తండ్రిని కళ్ళద్దాల షాపుకి లాక్కెళ్ళింది.

"నాన్నా, ఆ బోర్డు మీద మూడో వరుస నాకు కనబడట్లేదు. ఏముందో చెప్పు."

"అక్షరాలు."

"ఏ అక్షరాలు?"

"నాకెందుకమ్మా? కళ్ళు నీవి."

"పోనీ మొదటి వరుస చెప్పు."

"పెద్ద అక్షరాలు" అన్నాడాయన గంభీరంగా.

షాపతను పెద్దాయన్నే కుర్చీలో కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు పెద్దక్కకు కళ్ళద్దాలు అక్కర్లేదని తేలింది. ఆయన ముక్కు మీద మాత్రం ఒక జత ఎక్కింది. దారంతా బోర్డులన్నీ పైకి చదువుతూ, అక్షరం తప్పిన ప్రతి ఒక్కణ్ణీ తిడుతూ నడిచాడు.

కొట్టుకి వచ్చేసరికి అల్లుడు పడవ కవరు బల్లమీద పడేసి నిలబడి ఉన్నాడు. కొక్కెం ఒకటి ఊడిందట. పెద్దాయన కవరు పరిచి, అలవాటుగా కుట్టుమీద వేలు పెట్టి నడిపించాడు. వేలు కొంతదూరం వెళ్ళి ఆగింది. కవరు తిరగేశాడు. మిషను కుట్టు తప్పిన చోటల్లా లావుపాటి వంకర కుట్లు. ఒక్క మూలన మాత్రం తను కూతురికి చిన్నప్పుడు నేర్పిన సన్నపు కుట్లు. పెద్దక్క గొడుగు పిడిలో ఏదో వెతుక్కుంది. కెప్టెన్ గోడమీది కొలతల టేపు చూస్తున్నాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

"అల్లుడూ."

"మామయ్యా, అదీ, ముడి..."

"ముడి సంగతి తర్వాత. నీకు కుట్టడం కూడా రాదన్నమాట" అన్నాడాయన. మిషను ముందున్న బెంచీ మీద కాస్త పక్కకు జరిగి, ఖాళీ అయిన చోట దుమ్ము దులిపాడు. "ఇలా వచ్చి కూర్చో. పెడలు నెమ్మదిగా తొక్కు."