వంకర సన్నాయి క్రీస్తుదాసు

ఏ పాటనైనా తిన్నగా వాయించడం క్రీస్తుదాసుకి చేతకాదు. పల్లవి దాకా బుద్ధిగానే వచ్చేవాడు. అక్కణ్ణుంచి గట్టు తెగిన కాలవలా ఎటు పోతాడో ఆ ప్రభువుకే తెలియాలి.

ఏలూరులో పెళ్లిళ్లకు వాయించే బ్యాండుకి ఇస్సాకు మేస్టరు. అతని జుట్టు నెరిసింది వయసు వల్ల కాదు, క్రీస్తుదాసు వల్ల. ఈ మహానుభావుడు మద్రాసు హోటల్లో పళ్లేలు కడుగుతూ, అక్కడి గోవా బ్యాండువాళ్ల దగ్గర జాజ్ అనే సంగీతం పట్టి, పంతొమ్మిదివందల ముప్పై రెండులో చంకన శాక్సఫోనుతో దిగబడ్డాడు. జనం దానికి వంకర సన్నాయి అని పేరు పెట్టేశారు.

అత్తిలి పెళ్లిలో పెళ్లికూతురి బామ్మ వెంకటనరసమ్మగారు ఉండబట్టలేక అడిగింది. "ఏమిటబ్బాయ్ ఈ గోల?"

"జాజండీ."

"జాజులైతే ఊదుతావేమయ్యా, దండ కట్టక!" అని ఆవిడ దారం ఉండ తెచ్చి చేతిలో పెట్టింది.

కొల్లేటి లంకలో పెళ్లికి దోనె మీద వెళుతూ వాయిస్తే కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. "అవి మళ్లీ వాలేదాకా ఆపండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అన్నాడు దోనెవాడు.

అందరికంటే ఎక్కువ తిట్టేది ముసలి ఏలీయా. మిషను బ్యాండులో ఇస్సాకుకీ క్రీస్తుదాసుకీ క్లారినెట్ నేర్పిన గురువు ఆయనే. ఇప్పుడు శిష్యుడి మేళంలోనే క్లారినెట్ ఊదుతున్నాడు. చెవులు మందగించాయి గాని రోషం మందగించలేదు.

"మేళంలో ఎక్కడ కీచుమన్నా వీడేరా! నా పరువు తీస్తున్నాడు!"

"తప్పేనండీ గురువుగారూ" అని నవ్వేవాడు క్రీస్తుదాసు.

తాడేపల్లిగూడెంలో కోదండరామయ్యగారు కూతురి పెళ్లికి మేళం కుదుర్చుకుంటూ ఖండితంగా చెప్పారు. "ఎదురుకోలులో కీర్తన కీర్తనలాగే ఉండాలండీ. కీచులు వినబడితే మేళాన్ని అట్నుంచటే పంపేస్తాను."

ఇస్సాకు క్రీస్తుదాసుని పక్కకి పిలిచాడు. "ఒక్క వంకర పోయావంటే రేపట్నుంచి బ్యాండులోకి రాకు."

క్రీస్తుదాసు మొహంలో నవ్వు మాయమైంది. "అలాగేనండీ" అన్నాడు.

అన్నమాట ప్రకారం గీత గీసినట్టు వాయించాడు. ఆ ఆనందంలో ఇస్సాకు తన కార్నెట్ బాకా ఊదడమే మర్చిపోయాడు. అంతలో, కీఁచ్!

ఇస్సాకు గుడ్లురిమి చూశాడు. క్రీస్తుదాసు ఊపిరి పీల్చుకుంటున్నాడు. నోట్లో శాక్సఫోనే లేదు. మళ్లీ కీఁచ్! పక్కన ముందుపళ్లు ఊడిన ఏలీయా కళ్లు మూసుకుని తన్మయంగా క్లారినెట్ ఊదుతున్నాడు.

కోదండరామయ్యగారు గిరుక్కున తిరిగారు. "ఎవరండీ అది?"

"నేనేనండీ!" అంటూ క్రీస్తుదాసు శాక్సఫోను అందుకుని, ఆ కీచునే పట్టుకుని పైకి లాగి, నాలుగు మెలికలు తిప్పి, కీర్తనలో కలిపేశాడు.

ఇన్నేళ్ల వంకరలూ ఇస్సాకుకి ఆ క్షణాన తిన్నగా కనిపించాయి. గురువుగారి తప్పు బయటపడకుండా వీడు ఇన్ని తిట్లు తిన్నాడా అని సిగ్గేసింది, వాణ్ణి కావిలించుకోవాలనీ అనిపించింది.

"ఇతన్ని పంపేయండి మేస్టారూ!" అన్నారు కోదండరామయ్యగారు.

"ఇతనొక్కణ్ణే ఎలాగండీ" అని ఇస్సాకు కార్నెట్ ఎత్తి, బతుకులో మొదటిసారి, వినరాని వంకర ఒకటి పోయాడు.

మగపెళ్లివారు పగలబడి నవ్వారు. "భలే ఉందండీ బావగారూ, మళ్లీ వాయించమనండి!" అన్నాడు వియ్యంకుడు. వియ్యంకుడి మాట కాదంటే పెళ్లి సాగుతుందా? కోదండరామయ్యగారు నోరు మూసుకున్నారు.

ఏలీయా మాత్రం క్లారినెట్ దించి, శిష్యులిద్దరినీ అసహ్యంగా చూశాడు.

"ఒరే ఇస్సాకూ, నువ్వూనా! ఇహ ఈ మేళంలో తిన్నగా వాయించేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానన్నమాట!"